క్లాసు సంతలా తయారైంది సార్!

ప్రశ్న: అనంతపురంలో ఒక డిగ్రీ కాలేజీలో బోటనీ చెబుతాను. చేరి నాలుగేళ్లయింది. క్లాసులో 72 మంది. వేసవిలో ఒక శిక్షణకు వెళితే, మీరు మాట్లాడటం తగ్గించి పిల్లల చేత మాట్లాడించండి అన్నారు. నాకు నచ్చింది. ఈ సెమిస్టర్ మొదట్లోనే ఆరుగురేసి గ్రూపులు చేసి, ‘కిరణజన్య సంయోగక్రియ గురించి చర్చించండి’ అన్నాను. ప్రతి గ్రూపులో ఒక్కరే మాట్లాడారు. వెనక బెంచీలు ఫోన్లలో పడ్డాయి. ఆడపిల్లలు సగం మంది నోరే తెరవలేదు. మూడో రోజుకి ఒకమ్మాయి వచ్చి, ‘మేడమ్, మీరు ముందు మాదిరే చెప్పండి, ఇట్లయితే మాకేమీ ఎక్కడం లేదు’ అంది. పక్క గదిలో క్లాసు చెప్పే సీనియర్ గారు, ‘ఏంది మేడమ్, సంత పెట్టినారా?’ అని అందరి ముందూ అన్నారు. ఒక యూనిట్ వెనకబడ్డాను. ఇవన్నీ ఇరవై మంది ఉండే విదేశీ క్లాసులకే గానీ మన పిల్లలకు నప్పవేమో. మానేయమంటారా?

— ఒక అధ్యాపకురాలు, అనంతపురం

జవాబు:

అమ్మా, మానేయమనను. మీరు చేసిన పద్ధతిలో మాత్రం మళ్లీ చేయొద్దు.

ఆ సంత మీ పిల్లల తప్పు కాదు. ‘కిరణజన్య సంయోగక్రియ గురించి చర్చించండి’ అంటే వాళ్లు ఏం చర్చిస్తారు చెప్పండి? అది ప్రశ్న కాదు, పాఠం పేరు. మనల్నే స్టాఫ్ రూములో కూర్చోబెట్టి ‘విద్యావిధానం గురించి చర్చించండి’ అంటే రెండో నిమిషానికి డీఏ బకాయిల దగ్గర తేలుతాం. ఇద్దరు వాదించుకోవాలంటే ఇద్దరికీ చెరో జవాబు ఉండాలి. మీ క్లాసులో నోరు తెరిచే ముందు ఎవరూ ఏ జవాబూ పట్టుకుని లేరు. తెలిసిన ఒక్కరు మాట్లాడారు, తక్కిన అయిదుగురూ ‘హమ్మయ్య, ఆ పిల్ల చూసుకుంటుందిలే’ అని ఊరుకున్నారు.

నా సంగతి చెబుతాను. కర్నూలులో ముప్పై ఏళ్ల పైచిలుకు ఇదే సబ్జెక్టు చెప్పి రిటైరయ్యాను. అందులో సగం కాలం నేను అడిగిన ప్రశ్న ఒక్కటే: ‘అర్థమైందా?’ క్లాసంతా ఒక్క గొంతుతో ‘ఆఁ సార్!’ ఎంత సుఖంగా ఉండేదో ఆ మాట వింటే. ఒక ఏడాది ప్రాక్టికల్స్‌లో వైవా తీసుకుంటూ, మెదడుకు ఏమీ తోచక, కిటికీలోంచి కనిపించే వేపచెట్టు చూపించి, ‘ఆ మానులో ఉన్న కొయ్యంతా ఎక్కడి నుంచి వచ్చింది రా?’ అన్నాను. వాడు మా క్లాసు ఫస్టు. ‘మట్టిలోంచి సార్’ అన్నాడు. తర్వాత వచ్చినవాడినీ అదే అడిగాను. మట్టి. ఇంకో ఇద్దరు మట్టి, ఎరువు. ఒకమ్మాయి నీళ్లు అంది. కార్బన్ డయాక్సైడ్, నీరు కలిసి గ్లూకోజు, ఆక్సిజన్ వస్తాయన్న సమీకరణం రాయమంటే అందరూ తప్పు లేకుండా రాశారు. ఆ సమీకరణానికీ కిటికీ అవతలి చెట్టుకూ సంబంధం ఉందని మాత్రం ఎవరికీ తట్టలేదు. వాళ్లకు అంతకాలం పాఠం చెప్పింది నేనే.

ఈ అవమానం నాకొక్కడికే జరగలేదని తర్వాత తెలిసింది. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అని ఫిజిక్స్ ప్రొఫెసర్. పెద్ద పెద్ద లెక్కలు చకచకా చేసే తన విద్యార్థులకు 1990 ప్రాంతంలో ఒక పరీక్ష పెట్టాడు. లెక్కలు లేవు, బలాలు, చలనం గురించి మామూలు మాటల్లో అడిగే ప్రశ్నలు. ఒక విద్యార్థిని లేచి, ఇవి మీరు చెప్పినట్టు రాయాలా, నేను మామూలుగా అనుకునేట్టు రాయాలా అని అడిగిందట. ఒక ప్రశ్నను ఆయన బోర్డు మీద ఎంత విడమరిచి చెప్పినా పిల్లల ముఖాలు వెలగలేదు. విసిగిపోయి, మీలో మీరే మాట్లాడుకోండి అన్నాడు. కొద్ది నిమిషాల్లో వాళ్లే తేల్చుకున్నారు. ఆయన పద్ధతి అక్కడ మొదలైంది, 1997లో పుస్తకంగా వచ్చింది. మీరు అనుకున్నట్టు ఇరవై మంది క్లాసు కాదమ్మా అది, వందల మంది కూర్చునే హాలు.

ఇక మీ క్లాసుకి వద్దాం. మీకు నా వేపచెట్టు కంటే మంచి చెట్టు ఉంది. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను. ఇప్పుడది శ్రీసత్యసాయి జిల్లాలోకి పోయిందనుకోండి, అయినా మీ పిల్లలకు అది మన చెట్టే. దాదాపు అయిదెకరాలు కమ్ముకుని 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. బోర్డు మీద ఇట్లా రాయండి: ‘తిమ్మమ్మ మర్రిమానులోంచి తడి అంతా తీసేస్తే మిగిలే కొయ్య బరువులో ఎక్కువ భాగం దేని నుంచి వచ్చింది? 1. మట్టి 2. నీళ్లు 3. గాలి 4. ఎండ.’

రాసి, ఒక నిమిషం ఎవరూ మాట్లాడకూడదనండి. ఈ మౌనం దగ్గరే సగం మంది అధ్యాపకులు తొందరపడతారు. నిమిషం చాలా పొడుగనిపిస్తుంది, గొంతు సవరించుకోవాలనిపిస్తుంది. ఆగండి. ఎవరికి వారు తమ జవాబు నోట్సులో అంకె వేసుకోవాలి. తర్వాత అందరూ కళ్లు మూసుకుని, గుండెకు ఆనించి వేళ్లు చూపించాలి: మట్టి అయితే ఒక వేలు, నీళ్లయితే రెండు, అలా. కళ్లు మూయించడం నా సొంత అనుభవంతో చెబుతున్నాను. మొదట్లో నేను చేతులు ఎత్తించేవాణ్ణి. మొదటి బెంచీలో టాపర్ ఎటు ఎత్తితే క్లాసంతా అటే. ఎన్నికల్లో రహస్య ఓటు ఎందుకు పెట్టారో నాకప్పుడు బాగా అర్థమైంది. బటన్ నొక్కి జవాబు చెప్పే క్లిక్కర్లనీ ఫోన్ యాప్‌లనీ కొందరు చెబుతారు. ఉంటే మంచిదే. మీ వెనక బెంచీ పరిస్థితి చూస్తే ఫోన్లు బయటికి తీయించకపోవడమే మేలు. పది వేళ్లు దేవుడిచ్చాడు.

వేళ్లను మీరు లెక్కపెట్టక్కర్లేదు, చూపుతోనే అంచనా తెలుస్తుంది. సరైన జవాబు చూపినవాళ్లు పదిమందిలో ముగ్గురి కంటే తక్కువైతే చర్చ పెట్టొద్దు. చీకట్లో చీకటి కలిసినట్టే. మీరు ఇంకాస్త చెప్పి మళ్లీ అడగండి. ఏడుగురు దాటితే అప్పుడూ వద్దు, రెండు ముక్కల్లో కారణం చెప్పి ముందుకు పోండి. ఈ రెండింటి మధ్య ఉన్నప్పుడే చర్చ పండుతుంది. అప్పుడు చెప్పండి: ‘మీ పక్కన మీతో వేరే జవాబు చెప్పినవాళ్లు ఎవరో చూసుకుని, వాళ్లను ఒప్పించండి. మూడు నిమిషాలు.’ ‘చర్చించండి’ అనకండి, ‘ఒప్పించండి’ అనండి. ఆ ఒక్క మాటతో గది మారిపోతుంది.

ఆరుగురు వద్దు. ఇద్దరు, మహా అయితే నలుగురు. మీ బెంచీలు నేలకు బిగించి ఉంటాయని నాకు తెలుసు. ముందు బెంచీలో ఇద్దరు వెనక్కి తిరిగితే వెనక ఇద్దరితో నలుగురైపోతారు. ఆడపిల్లలను, మగపిల్లలను కలపాలని మొదటి వారమే పట్టుబట్టకండి. అలా కలిపితే మూడు నిమిషాలూ సిగ్గుకే సరిపోతాయి. ఆడపిల్లలు ఆడపిల్లలతోనే మొదలుపెట్టనివ్వండి. నోరు తెరవలేదని మీరు రాసిన ఆ సగం మంది, పక్కన కూర్చున్న ఒక్క స్నేహితురాలితో మాట్లాడమంటే ఎంత గట్టిగా వాదిస్తారో చూడండి.

ఆ మూడు నిమిషాలు మీరు బెంచీల మధ్య తిరగాలి, కానీ తీర్పు చెప్పకూడదు. నాది ఇందులో ఘోరమైన అలవాటు. సరైన మాట వినబడగానే నా తల దానంతటదే ఊగేది. పిల్లలు మన సబ్జెక్టు కంటే మన ముఖం బాగా చదువుతారు. చివరికి చేతిలో సుద్దముక్క నలుపుకుంటూ నేల చూస్తూ నడవడం నేర్చుకున్నాను.

అలా నడుస్తూ విన్నదే ఇది. ఒకడు మట్టి పార్టీ, ఒకడు గాలి పార్టీ. ‘గాలికి బరువు ఏముంటాదప్పా? అంత మాను గాలితో అయితాదా?’ అన్నాడు మొదటివాడు. రెండోవాడు కాసేపు ఆలోచించి, ‘మీ ఇంట్లో గ్యాస్ అయిపోతే సిలిండర్ తేలికైతాదా లేదా? 14.2 కేజీలని దాని మీద రాసుంటాది కదా. గ్యాస్‌కు బరువు లేకుంటే ఎట్లా తేలికైతాది?’ అన్నాడు. మొదటివాడు నోరు మూశాడు. సిలిండర్‌లో అది ద్రవంగా ఉంటుందన్న మాట పక్కన పెట్టండి. అంత మంచి ఉదాహరణ అన్నేళ్లలో నాకు తట్టలేదు. ఎందుకంటే గాలికి బరువు ఉండదన్న అనుమానం నాకెప్పుడు పోయిందో నాకే గుర్తు లేదు. వాడికి అది ఆ నిమిషమే పోయింది, అడ్డంకి ఎక్కడుందో వాడికి ఇంకా కళ్ల ముందే ఉంది. తోటివాడు చెబితే ఎక్కడానికి నాకు తెలిసిన కారణం ఇదే.

మళ్లీ ఓటు పెట్టండి. వేళ్లు మారతాయి. అప్పుడు మాట్లాడండి మీరు, అయిదారు నిమిషాలు, మీకు వచ్చినంత బాగా. జవాబు గాలే. కొయ్యకు మూలమైన గ్లూకోజు 180 గ్రాములు తీసుకుంటే, అందులో 168 గ్రాములు కార్బన్ డయాక్సైడ్ నుంచి వచ్చిన కార్బన్, ఆక్సిజన్. నీటి నుంచి వచ్చిన హైడ్రోజన్ 12 గ్రాములే. ఈ లెక్క నేను అంతకుముందు కూడా చెప్పేవాణ్ణి, ఎవరూ తలెత్తేవారు కాదు. ఓటు వేసి, వాదించి, ఓడిపోయిన తర్వాత అదే లెక్క చెబితే వెనక బెంచీ కూడా పెన్ను తీస్తుంది. లెక్చర్ చెడ్డదని నేను ఎప్పుడూ అనను. ఆకలి కాకముందే వడ్డిస్తున్నాం, అంతే.

వీలుంటే మర్నాడు వాన్ హెల్మాంట్ అనే పాతకాలపు శాస్త్రవేత్త కథ చెప్పి అడగండి. 200 పౌండ్ల ఎండిన మట్టిలో 5 పౌండ్ల విల్లో మొక్క నాటి, అయిదేళ్లు నీళ్లు మాత్రమే పోశాడు. చెట్టు 169 పౌండ్లయింది, మట్టి తగ్గింది రెండు ఔన్సులే. కాబట్టి చెట్టంతా నీళ్లే అని తేల్చేశాడు. ‘ఆయన ఎక్కడ తప్పుబోయాడు?’ అని అడిగి వదిలేయండి. ‘గ్యాస్’ అన్న మాటను పుట్టించిందే ఆయన. కళ్లెదుట ఉన్న గ్యాస్‌ను ఆయనే లెక్కలో వేసుకోలేదు. పిల్లలకు ఇది భలే నచ్చుతుంది, పెద్దాయన కూడా పొరపాటు చేశాడంటే ధైర్యం వస్తుంది.

ఇక మీకు రాగల సందేహం: తెలిసినవాళ్ల జవాబును తక్కినవాళ్లు కాపీ కొడుతున్నారేమో? న్యాయమైన అనుమానం. కొలరాడో యూనివర్సిటీలో జెనెటిక్స్ క్లాసులో దీన్నే పరీక్షించి 2009లో ప్రచురించారు. ప్రశ్నకు ఒంటరిగా జవాబు, తర్వాత చర్చించి మళ్లీ జవాబు, ఆ తర్వాత అదే భావన మీద ఇంకో కొత్త ప్రశ్నకు ఎవరితోనూ మాట్లాడకుండా జవాబు. మొదట సుమారు సగం మంది సరిగా చెప్పారు. చివరి ఒంటరి ప్రశ్నకు నలుగురిలో దాదాపు ముగ్గురు. కాపీ అయితే ఆ చివరి ప్రశ్నలో దొరికిపోవాలి కదా. మొదట్లో జవాబు ఎవరికీ తెలియని గుంపులు కూడా మాట్లాడుకుని తేల్చుకున్నాయని కూడా అందులో తేలింది. దీన్ని చదివాక నేను టాపర్లను ఒక్కో గ్రూపులో ఒకరిని నాటడం మానేశాను. సైన్సు, ఇంజనీరింగ్, గణితం క్లాసుల మీద జరిగిన 225 అధ్యయనాలను కలిపి 2014లో ఒక లెక్క తీశారు. పిల్లలు ఏదో ఒక పని చేస్తూ నేర్చుకున్న క్లాసుల్లో తప్పినవాళ్లు వందకు 22 మంది, వింటూ కూర్చున్న క్లాసుల్లో 34 మంది. మన సప్లిమెంటరీ ఫీజులు కట్టే తల్లిదండ్రులకు ఆ పన్నెండు మంది తేడా చిన్నది కాదు.

‘మాకేమీ ఎక్కడం లేదు’ అన్న అమ్మాయిని కోప్పడకండి. ఆమె అబద్ధం చెప్పలేదు, ఆమెకు అలాగే అనిపించింది. 2019లో హార్వర్డ్ ఫిజిక్స్ క్లాసుల్లో సరిగ్గా ఇదే బయటపడింది. చర్చించి నేర్చుకున్నవాళ్లు పరీక్షలో ఎక్కువ తెచ్చుకున్నారు, కానీ తాము తక్కువ నేర్చుకున్నామని అనుకున్నారు. మంచి లెక్చర్ వింటుంటే నున్నటి రోడ్డు మీద ఏసీ బస్సులో పోతున్నట్టుంటుంది, దారి మనకే తెలిసినట్టు అనిపిస్తుంది. దిగి నడిస్తే గానీ ఎన్ని మలుపులున్నాయో తెలియదు. అందుకని ఈ సంగతి పిల్లలకు ముందే చెప్పేయండి. ‘మీకు కొంచెం గందరగోళంగా ఉంటుంది, టెన్షన్ పడకండి, చివర్లో నేనే తేల్చి చెబుతాను’ అనండి. చెప్పి, ప్రతిసారీ తేల్చండి. తేల్చకుండా బెల్లు కొడితే ఆ అమ్మాయి ఫిర్యాదు నిజంగానే నిజమవుతుంది. ఇంకొకటి, ఈ ఓట్లకు మార్కులు పెట్టొద్దు. ఇంటర్నల్ మార్కులు అన్న మాట వినబడితే చాలు, కాపీ మళ్లీ మొదలు.

భాష గురించి మీరు అడగలేదు గానీ, నాకు ముఖ్యమనిపిస్తుంది. మన రాష్ట్రంలో 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియం. మీ గ్రూపులు మౌనంగా ఉండటానికి అది కూడా ఒక కారణమై ఉండొచ్చు. మేడమ్ ముందు ఇంగ్లీషులో మాట్లాడాలేమో అని ఎంతమంది నోరు కట్టేసుకున్నారో. వాదన ఏ భాషలో వస్తే ఆ భాషలో చేయమనండి. మడకశిర నుంచి వచ్చిన పిల్లలు కన్నడంలో గొణుక్కుంటే గొణుక్కోనివ్వండి. ఉర్దూ అయితే ఉర్దూ. ఆ తర్వాత తేలిన విషయాన్ని మీరు రెండు ఇంగ్లీషు వాక్యాల్లో బోర్డు మీద రాయండి, పరీక్షకు అవి చాలు. విషయం తెలుగులో తేలాక ఇంగ్లీషు వాక్యం బట్టీ పట్టినా పెద్ద నష్టం లేదు. తేలకుండా పట్టిందే నష్టం.

సిలబస్‌కు సమయం ఎక్కడ? నోట్స్ డిక్టేషన్‌లో ఉంది. యాభై నిమిషాల క్లాసులో మనం ఎన్ని నిమిషాలు ‘కామా... ఫుల్‌స్టాప్... నెక్స్ట్ పేరా’ అంటున్నామో ఒకరోజు గడియారం పెట్టుకుని చూడండి. ఆ నోట్స్ జిరాక్స్ షాపులో పెట్టేయండి. క్లాసుకి ఒకే ఒక్క ప్రశ్న, మొత్తం పది పన్నెండు నిమిషాలు. వారానికి రెండు క్లాసుల్లో చేస్తే చాలు, రోజూ అక్కర్లేదు. అన్నింటికీ పనికిరాదు కూడా. పుష్ప సంకేతాలు, మొక్కల కుటుంబాల పేర్లు చర్చించుకుంటే వచ్చేవి కావు, అవి నేర్చుకోవాల్సిందే.

సీనియర్ గారి మాట వదిలేయండి అని చెప్పడం తేలిక, వదలడం కష్టం. మొదట తలుపు మూసుకోండి. నెల తర్వాత, ఒక ప్రశ్న బాగా పండుతుందనిపించిన రోజు, ‘సార్, మీరూ వచ్చి ఓటు వేయండి’ అని పిలవండి. మా దగ్గర అలా వచ్చిన ఒక పెద్దాయన వేపచెట్టు ప్రశ్నకు రెండు వేళ్లు చూపించారు. ఆయన ఆ తర్వాత సంత అన్న మాట మళ్లీ అనలేదు.

మీరు మళ్లీ మొదలుపెట్టడానికి ఒక ప్రశ్న ఇస్తాను. దీన్ని అనంతపురంలో అడిగినంత బాగా ఇంకెక్కడా అడగలేరు. మర్రికి దిగేదాన్ని ఊడ అంటాం. బుడ్డల చెట్టుకు, అంటే వేరుశనగకు, పూత తర్వాత నేలలోకి దిగేదాన్నీ ఊడే అంటాం. ‘రెండూ ఒకటేనా? 1. రెండూ వేర్లే 2. మర్రిది వేరు, బుడ్డలది కాదు 3. బుడ్డలది వేరు, మర్రిది కాదు 4. రెండూ వేర్లు కావు.’ ఒకటో జవాబుకు చాలా వేళ్లు లేస్తాయి. భాషే అలా తోసేస్తుంది మరి. ఊడ అన్న మాట ఒకటే, పైగా వేరుశనగ పేరులోనే వేరు ఉంది. మర్రి ఊడ నిజంగా వేరే. బుడ్డల ఊడ మాత్రం పువ్వు అడుగున సాగి, ఫలదీకరణ జరిగిన అండాలను కొనన మోసుకుని మట్టిలోకి దిగే కాడ. కాయ కట్టేది ఆ కొన దగ్గర. అంటే మనం వలుచుకుని తినేది వేరు కాదు, నేల లోపల పెరిగిన పండు.

ఇది తేలాక దాని వెంటే ఇంకోటి. ‘ఊడలు దిగే వేళకు మీ నాయన ఎకరాకు 200 కిలోల జిప్సం చెట్టు మొదట్లో ఎందుకు వేస్తాడు? వేర్లు లోతునుంచి కాల్షియం తేలేవా?’ ఇక్కడ నలుగురేసి వాదించుకోనివ్వండి. కాల్షియం నీటితో పాటు పైకెక్కి, ఆకులు ఎక్కడ ఎక్కువ నీరు ఆవిరి చేస్తే అక్కడికి పోతుంది. మట్టిలో ఉన్న కాయ ఏమీ ఆవిరి చేయదు, దానికి ఆ దారిన వాటా రాదు. అందుకే కాయ తన చుట్టూ ఉన్న మట్టి నుంచే నేరుగా పీల్చుకోవాలి, లేకపోతే తాలు కాయలు పడతాయి. ఇంట్లో జిప్సం మోసిన పిల్లలు మీ క్లాసులో చాలామందే ఉంటారు. ఎందుకో వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు.

ఖరీఫ్ బుడ్డలు ఇప్పుడు ఊడల దశలోనే ఉంటాయి. వెనక బెంచీలో ఫోన్ పట్టుకున్నవాళ్లలో చేను ఉన్నవాడెవడో కనుక్కుని, ఈ ఆదివారం ఇంటికి పోయినప్పుడు నాలుగు చెట్లు మట్టితో సహా పెరికి గోనెసంచిలో తెమ్మనండి. కడగొద్దని మరీ మరీ చెప్పండి, కడిగితే లేత ఊడలు తెగిపోతాయి. సోమవారం ఓటు అయ్యేదాకా సంచి మూతి విప్పకండి. విప్పేది కూడా వాడి చేతే.